డేటాబేసు దారి కాపలా: లోవర్ హట్ నుంచి కొన్ని విశేషాలు

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో రైలెక్కితే, సముద్రం పక్కగా సాగి పెటోనీ దాటగానే లోవర్ హట్ వస్తుంది. హట్ నది ఒడ్డున ఉన్న ఊరు. ఆ నదికి మావోరీలు పెట్టుకున్న పేరు తే అవా కైరాంగి. లోయ పడమటి అంచు వెంట వెల్లింగ్టన్ ఫాల్ట్ అనే భూకంప పగులు సాగుతోంది. దూరాన ఉన్న డేటాబేసుకు ఇంటర్నెట్ మీదుగా భద్రంగా చేరడం ఎలా అన్న విషయంలో ఈ ఊరి నుంచి నేర్చుకోదగ్గవి చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని ఎక్కడో ఉన్న సర్వర్లను నడిపే మనవాళ్లకు అవి మరీ పనికొస్తాయి.

అందరికీ తెలిసిన లెక్కకు కాపలా ఎందుకు?

లోవర్ హట్‌లోని ఆవలాన్‌లో నేషనల్ జియోహజార్డ్స్ మానిటరింగ్ సెంటర్ ఉంది. 2018లో మొదలైంది. న్యూజిలాండ్‌లో భూమి ఎక్కడ కదిలినా, అగ్నిపర్వతం మేల్కొన్నా, సునామీ జాడలు కనిపించినా కనిపెట్టడానికి ఇక్కడ రాత్రీ పగలూ మనుషులుంటారు. దీన్ని నెలకొల్పిన జీఎన్‌ఎస్ సైన్స్ 2025 జులై 1న నివా సంస్థతో కలిసిపోయి ఎర్త్ సైన్సెస్ న్యూజిలాండ్ అయింది. కొలతలు తెచ్చేది 2001లో పుట్టిన జియోనెట్. దేశమంతటా పెట్టిన పరికరాల నుంచి రేడియో మీదుగా, మొబైల్ నెట్‌వర్క్ మీదుగా, ఉపగ్రహం మీదుగా సమాచారం వస్తుంది. అది చేరే డేటా కేంద్రాలు రెండు. ఒకటి ఆవలాన్, రెండోది ఉత్తర దీవి నడిమధ్యన టౌపో దగ్గరున్న వైరాకేయి. ఒకటి మూగబోయినా రెండోది పలకాలి.

2016 నవంబరు 14న అర్ధరాత్రి దాటిన 2 నిమిషాలకు కైకౌరాలో 7.8 తీవ్రతతో భూమి కంపించింది. అలాంటి రాత్రి దేశం దేశమంతా ఒకటే అడుగుతుంది: ఎక్కడ, ఎంత? ఆ జవాబును జియోనెట్ వెబ్‌సైటులోనూ, ఫోన్ యాప్‌లోనూ, ప్రోగ్రాములు రాసుకునేవాళ్ల కోసం ఏపీఐ రూపంలోనూ ఉచితంగా ఇస్తుంది. అంటే జనానికి ఇచ్చింది చదువుకునే వీలు మాత్రమే. భూకంపాల లెక్కల్లో దాచాల్సిందేమీ లేదు. అయినా ఎవరో దూరి 3.8ని 7.8గా మార్చితే, లేదా 7.8ని 3.8 చేస్తే? తీరాన ఉన్నవాళ్లు గుట్టెక్కాలో వద్దో ఆ అంకెను నమ్ముకునే తేల్చుకుంటారు. డేటాబేసు భద్రత అనగానే మనకు రహస్యాలు, కార్డు నంబర్లు, పాస్‌వర్డులు గుర్తొస్తాయి. రహస్యం కాని సమాచారానికి కూడా కాపలా అంతే అవసరమని ఆవలాన్ చూస్తే తెలుస్తుంది.

గ్రేస్‌ఫీల్డ్ గడియారాలు

అదే ఊళ్లో గ్రేస్‌ఫీల్డ్ అని ఇంకో పేట ఉంది. అక్కడి మెజర్‌మెంట్ స్టాండర్డ్స్ లేబొరేటరీలో న్యూజిలాండ్ అధికారిక కాలాన్ని సీజియం అణు గడియారాలు నిలబెడతాయి. సీజియం-133 పరమాణువు తాలూకు ఒకానొక మైక్రోవేవ్ తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగితే ఒక సెకను. ఇంటర్నెట్ మీదుగా కంప్యూటర్లకు టైము చెప్పే ఎన్‌టీపీ సేవ కూడా ఈ ల్యాబు నుంచే వెళుతుంది.

డేటాబేసుకూ గడియారానికీ ఏం సంబంధం అనిపించవచ్చు. చాలా దగ్గరి సంబంధం. డేటాబేసు సర్వరు తానెవరో రుజువు చేసుకోవడానికి చూపే సర్టిఫికెట్‌లో ‘ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు చెల్లుతుంది’ అని ఉంటుంది. మన కంప్యూటరు గడియారం నాలుగు నెలలు వెనకబడి ఉంటే, మొన్న తీసుకున్న కొత్త సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనిదిగా కనిపిస్తుంది. కనెక్షన్ తెగిపోతుంది. ఫోన్‌లో మారుతూ ఉండే ఆరంకెల కోడు 30 సెకన్ల గడియారం మీద నడుస్తుంది. పెద్ద కంపెనీల్లో డేటాబేసు లాగిన్‌కు వాడే కెర్బెరాస్ పద్ధతి, మామూలు సెట్టింగుల్లో, 5 నిమిషాల తేడా దాటితే మనిషిని లోపలికి రానివ్వదు.

పైగా సర్టిఫికెట్ల ఆయుష్షు తగ్గిపోతోంది. బ్రౌజర్లన్నీ నమ్మే బహిరంగ సర్టిఫికెట్లకు ఒకప్పుడు ఏళ్ల తరబడి గడువుండేది. 2020లో అది 398 రోజులకు దిగింది. 2025 ఏప్రిల్‌లో, ఈ సర్టిఫికెట్ల నియమాలు రాసే సీఏ బ్రౌజర్ ఫోరం చేసిన నిర్ణయం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47 రోజులే. చేత్తో మార్చుకుంటూ కూర్చోవడం ఇక కుదరదు. డేటాబేసు సర్టిఫికెట్‌ను దానంతటదే మార్చుకునే ఏర్పాటు ఇప్పటినుంచే చేసుకున్నవాళ్లకు రాత్రి నిద్ర పడుతుంది.

టెలిగ్రాఫ్ తెచ్చిన టైము

దేశం మొత్తానికీ ఒకే ప్రామాణిక కాలాన్ని చట్టబద్ధంగా తెచ్చుకున్న మొదటి దేశం న్యూజిలాండ్. 1868 నవంబరు 2 నుంచి, గ్రీన్‌విచ్ కన్నా పదకొండున్నర గంటలు ముందు. అంతకు ముందు ఏ ఊరి సూర్యుడు ఆ ఊరిదే. దీనికి కదలిక తెచ్చింది టెలిగ్రాఫు. 1866లో కుక్ జలసంధి అడుగున కేబుల్ వేసి రెండు దీవులనూ కలిపారు. ఆపై అన్ని ఊళ్ల టెలిగ్రాఫ్ ఆఫీసులూ ఒకే వేళకు తెరవాలని ఆ శాఖ వెల్లింగ్టన్ టైమును పట్టుకుంది. జనం గొడవ చేశారు. ఆ గొడవలోంచే దేశానికంతటికీ ఒక టైము వచ్చింది. దూరాన ఉన్న రెండు యంత్రాలు మాట్లాడుకోవాలంటే ముందు కాలం విషయంలో ఏకీభవించాలన్న సంగతి తీగల తొలి రోజుల్లోనే తేలిపోయిందన్నమాట.

ఇప్పటి డేటాబేసు నిర్వాహకులకు ఇదే పాఠం మరో రూపంలో ఎదురవుతుంది. లోవర్ హట్‌కూ హైదరాబాద్‌కూ ఆరున్నర గంటల తేడా. సెప్టెంబరు చివరి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా ఏడున్నర. ఏప్రిల్‌లో గడియారం వెనక్కి తిప్పే ఆ తెల్లవారుజామున 2 నుంచి 3 మధ్య గంట రెండుసార్లు వస్తుంది. లాగ్‌లను స్థానిక కాలంలో రాసుకునే సర్వరులో ఎవరో ఆ వేళ లాగిన్ అయితే, మొదటి 2:30కా, రెండో 2:30కా అన్నది తేల్చలేం. లాగ్‌లు ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ కాలంలోనే రాయాలి. ఇందులో రెండో ఆలోచన వద్దు.

వెళ్లి రావడానికి 0.12 సెకను

హైదరాబాద్ నుంచి లోవర్ హట్‌కు గాల్లో సూటిగా సుమారు 11,800 కిలోమీటర్లు. ఫైబరు గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. కాబట్టి ఒక పలకరింపు వెళ్లి జవాబు రావడానికి, ఎంత గొప్ప నెట్ ఉన్నా, 0.12 సెకనుకు తగ్గదు. కేబుళ్లు సూటిగా పోవు కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే.

ఈ దూరానికీ భద్రతకూ ముడి ఉంది. కనెక్షన్ మొదలవ్వాలంటే ముందు టీసీపీ పలకరింపు, ఒక రాకపోక. తర్వాత ఎన్‌క్రిప్షన్ కోసం టీఎల్‌ఎస్ ఒప్పందం. పాత 1.2 వెర్షన్‌లో దీనికి రెండు రాకపోకలు పట్టేవి, 2018 ఆగస్టులో వచ్చిన 1.3లో ఒకటి చాలు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసయితే ఇంకో అలవాటు ఉండేది: ‘నీకు ఎన్‌క్రిప్షన్ వచ్చా?’ అని ముందు అడిగి, జవాబు విన్నాకే ఒప్పందం మొదలుపెట్టేది. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో ఆ ప్రశ్న మానేసి నేరుగా మొదలుపెట్టే వీలిచ్చారు. ఒక రాకపోక మిగిలింది. పక్క గదిలో సర్వరున్నవాడికి ఇది లెక్కలోకి రాదు. పన్నెండు వేల కిలోమీటర్ల దూరం నుంచి పనిచేసేవాడికి తెలుస్తుంది.

స్లోగా ఉందని ఎన్‌క్రిప్షన్ ఆపేసేవాళ్లున్నారు. తప్పు చికిత్స అది. ఖర్చంతా కనెక్షన్ తెరవడంలో ఉంది కనుక, ఒకసారి తెరిచిన కనెక్షన్లను మూసేయకుండా మళ్లీమళ్లీ వాడుకునే పూలింగ్ పెట్టుకోవాలి. లేదంటే అప్లికేషన్‌ను డేటాబేసు పక్కకే చేర్చి, దూరం నుంచి అప్లికేషన్‌తో మాట్లాడాలి.

న్యూజిలాండ్ వాళ్లకు ఈ దూరం సంగతి బాగా తెలుసు. పెద్ద క్లౌడ్ కంపెనీల సర్వర్లు చాలాకాలం వాళ్లకు టాస్మన్ సముద్రం అవతల సిడ్నీలో దొరికేవి. మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబరులో, అమెజాన్ 2025 సెప్టెంబరులో ఆక్లండ్ ప్రాంతంలో క్లౌడ్ కేంద్రాలు తెరిచాయి. అమెజాన్ హైదరాబాద్ కేంద్రం అంతకు చాలా ముందే, 2022 నవంబరులోనే మొదలైంది.

పది నిమిషాల్లో ప్రపంచం

2003 జనవరి 25, శనివారం. భారత కాలమానం ప్రకారం ఉదయం 11 గంటలు, లోవర్ హట్‌లో సాయంత్రం ఆరున్నర. ఆ వేళకు ఎస్‌క్యూఎల్ స్లామర్ అనే, తనంతట తానే వ్యాపించే వార్మ్ బయటపడింది. దాని పరిమాణం 376 బైట్లు, అంటే ఈ పేరాలో సగం కూడా లేదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో ఒక లోపాన్ని పట్టుకుని, 1434 పోర్టు మీదుగా దూరేది. సోకిన యంత్రాల సంఖ్య ప్రతి ఎనిమిదిన్నర సెకన్లకు రెట్టింపయింది. దొరకగల సర్వర్లలో 90 శాతం పది నిమిషాల్లోపే దానికి దొరికిపోయాయి. మొత్తం సుమారు 75 వేలు. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ స్తంభించింది. అమెరికాలో ఏటీఎంలు ఆగాయి.

ఆ లోపానికి మందు ఆరు నెలల ముందే, 2002 జులైలోనే, విడుదలైంది. వేసుకోనివాళ్లు వేసుకోలేదు. తమ దగ్గర ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉందన్న సంగతే కొందరికి తెలియదు. వేరే సాఫ్ట్‌వేర్‌తో పాటు దాని చిన్న రూపం కూడా వాళ్ల కంప్యూటర్లలోకి వచ్చి కూర్చుంది.

ఇందులో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసేది ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రం కథ. దానికి ఫైర్‌వాల్ ఉంది. అది 1434 పోర్టును సరిగ్గానే అడ్డుకుంది. అయితే ఒక కాంట్రాక్టరు తన నెట్‌వర్క్ నుంచి కేంద్రం నెట్‌వర్క్‌లోకి వేరే లైను వేసుకున్నాడు. అది ఫైర్‌వాల్‌ను దాటకుండా పక్కనుంచి పోయేది. వార్మ్ ఆ లైను మీద వచ్చింది. భద్రతా సూచికలు చూపే వ్యవస్థ దాదాపు ఐదు గంటలు పనిచేయలేదు. అప్పటికి కేంద్రంలో ఉత్పత్తి ఆగి ఉండటం వల్ల ప్రమాదం తప్పింది. రిమోట్ కనెక్షన్ల సంగతి మాట్లాడేటప్పుడు మన నెట్‌వర్క్ ఒక్కటే చూస్తే చాలదు. మనకు లైను కలిపి ఉన్న ప్రతి వెండరు నెట్‌వర్కూ మనదే అనుకోవాలి.

పాస్‌వర్డే లేని డేటాబేసులు

2013లో మిచిగన్ విశ్వవిద్యాలయంవాళ్లు జడ్‌మ్యాప్ అనే పరికరాన్ని విడుదల చేశారు. ఒక మామూలు కంప్యూటరు, ఒక గిగాబిట్ లైను ఉంటే, ప్రపంచంలోని ఐపీవీ4 చిరునామాలన్నిటినీ ఒక పోర్టు మీద 45 నిమిషాల్లో తట్టి రావచ్చని చూపించారు. అంతకు ముందే, 2009లో, ఇంటర్నెట్‌కు తగిలించిన యంత్రాలను వెతికిపెట్టే షోడాన్ వచ్చింది. ‘మా సర్వరు చిరునామా ఎవరికి తెలుసు?’ అన్న ధీమాకు ఆ తర్వాత చోటు లేదు.

2017 జనవరిలో వేలాది మోంగోడీబీ డేటాబేసులు ఖాళీ అయ్యాయి. లోపల మిగిలింది ఒకే చీటీ: ‘మీ డేటా కావాలంటే బిట్‌కాయిన్ పంపండి.’ పంపినవాళ్లలో చాలామందికి ఏమీ తిరిగి రాలేదు. పాస్‌వర్డు పెట్టకుండా ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచడమే కారణం. అదే ఏడాది నవంబరులో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మోంగోడీబీ, ఎవరూ మార్చకపోతే, తనున్న యంత్రానికి తప్ప బయటివాళ్లకు జవాబివ్వదు. పోస్ట్‌గ్రెస్ ఎన్నో ఏళ్లుగా ఆ పద్ధతిలోనే వస్తోంది.

2020 జులైలో ఇంకా విచిత్రం. వేలాది డేటాబేసుల్లోని సమాచారం తుడిచిపెట్టి, దాని చోట ‘మియావ్’ అన్న మాట వదిలి వెళ్లారు. డబ్బు అడగలేదు.

2019 జనవరిలో మన స్టేట్ బ్యాంకు ఎస్‌బీఐ క్విక్ సేవ తాలూకు ముంబై సర్వరు ఒకటి పాస్‌వర్డు లేకుండా ఉందని బయటపడింది. ఖాతాదారులకు వెళ్లే నిల్వ సందేశాలు దాంట్లో కనిపించాయి. సంగతి తెలిసిన వెంటనే మూసేశారు. 2022 మేలో షాడోసర్వర్ ఫౌండేషన్ లెక్క తీస్తే, 3306 పోర్టు మీద పలికిన మైఎస్‌క్యూఎల్ సర్వర్లు 36 లక్షలు. 2025 జనవరిలో, ప్రపంచమంతా కృత్రిమ మేధ కంపెనీ డీప్‌సీక్ పేరు పలుకుతున్న వారంలోనే, ఆ కంపెనీ డేటాబేసు ఒకటి పాస్‌వర్డు లేకుండా బయటికి కనిపిస్తోందని విజ్ అనే భద్రతా సంస్థ కనిపెట్టింది. జనం చాట్‌లో అడిగిన ప్రశ్నలు కూడా అందులో ఉన్నాయి. కొత్త తరం కృత్రిమ మేధ కట్టినవాళ్లకు కూడా ఈ పాత పొరపాటు తప్పలేదు.

పోర్టు నంబరు మారిస్తే చాలని కొందరంటారు. తట్టేవాళ్లు అన్ని పోర్టులూ తడతారు. ఫైర్‌వాల్ నియమంలో 0.0.0.0/0 అని కనిపిస్తే, ప్రపంచంలో ప్రతి ఒక్కరికీ అనుమతి ఇచ్చినట్టు. ‘పని అయ్యాక తీసేద్దాం’ అని పెట్టిన ఆ నియమం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.



  

పది లక్షల మంది రోగుల వివరాలు

లోవర్ హట్ ఉన్న గ్రేటర్ వెల్లింగ్టన్ ప్రాంతాన్నే తాకిన సంఘటన ఇది. తూ ఓరా కంపాస్ హెల్త్ అనేది ఊళ్లలోని కుటుంబ వైద్యశాలలను కలిపి నడిపే సంస్థ. 2019 ఆగస్టులో దాని వెబ్‌సైటును ఎవరో పాడుచేశారు. విచారణ మొదలుపెడితే, అంతకు ముందే, 2016 నుంచి 2019 మార్చి దాకా వేరే చొరబాట్లు జరిగాయని తెలిసింది. అక్టోబరులో సంస్థ జనం ముందుకొచ్చి చెప్పింది. గ్రేటర్ వెల్లింగ్టన్, వైరారాపా, మనావతూ ప్రాంతాల్లో 2002 నుంచి వైద్యశాలల్లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు, దాదాపు పది లక్షల మంది వివరాలు ఆ సంస్థ దగ్గర ఉన్నాయి. అప్పటికి జనాభా ఐదు మిలియన్లు కూడా నిండని దేశంలో అది ఎంత పెద్ద సంఖ్యో చూడండి. డాక్టరు రాసుకునే నోట్లు అందులో లేవు గానీ, పేర్లు, పుట్టిన తేదీలు, ఆరోగ్య సమాచారం కొంత ఉన్నాయి.

అసలు బాధ ఇంకోటి. ఎవరైనా రోగి వివరాలు బయటికి పోయాయా లేదా అన్నది ఖాయంగా చెప్పలేమని సంస్థ ఒప్పుకుంది. పోయాయని తెలిస్తే ఒక రకం బాధ, పోలేదని తెలిస్తే ఊరట. తెలియదు అన్న జవాబు మాత్రం పది లక్షల మందికీ అలాగే మిగిలిపోయింది. డేటాబేసుకు ఎవరు, ఎక్కడి నుంచి, ఎప్పుడు వచ్చి ఏమడిగారో రాసే లాగ్‌లను వేరే చోట, దొంగ చెరపలేని చోట, ఏళ్లపాటు ఉంచాలని చెప్పేది ఇందుకే. వాటి నిల్వకు అయ్యే ఖర్చు చూసి ఎవరైనా గొణిగితే, ఈ సంఘటన చెప్పండి.

‘ప్రిఫర్’ అనే తీపి మాట

ఇన్ని విశేషాల్లో ఒక్కటే గుర్తుపెట్టుకునే ఓపిక ఉందంటే, ఇది గుర్తుపెట్టుకోమంటాను.

పోస్ట్‌గ్రెస్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడు ఎస్‌ఎస్‌ఎల్‌మోడ్ అని ఒక సెట్టింగు ఉంటుంది. దానికి ఆరు విలువలు: డిజేబుల్, అలౌ, ప్రిఫర్, రిక్వైర్, వెరిఫై-సీఏ, వెరిఫై-ఫుల్. మనం ఏమీ రాయకపోతే ప్రిఫర్ అమలవుతుంది. అంటే, ఎన్‌క్రిప్షన్ దొరికితే సరే, దొరక్కపోతే అది లేకుండానే మాట్లాడుకుందాం. మధ్యలో కూర్చున్నవాడు ‘నాకు ఎన్‌క్రిప్షన్ రాదు’ అని సర్వరు తరఫున జవాబిస్తే చాలు, మన ప్రోగ్రాము నోరెత్తకుండా మామూలు అక్షరాల్లో మాట్లాడటం మొదలుపెడుతుంది.

అందుకని చాలామంది రిక్వైర్ పెట్టుకుని హమ్మయ్య అనుకుంటారు. ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. కానీ ఎవరితో? రిక్వైర్, సర్టిఫికెట్లు విడిగా ఇవ్వకపోతే, అవతల ఉన్నది ఎవరో చూడదు. దొంగ కూడా తన సర్టిఫికెట్ తానే తయారుచేసుకుని, మనతో చక్కగా ఎన్‌క్రిప్ట్ చేసి మాట్లాడగలడు. ఊరు కాని ఊళ్లో ఎవరో కూలీ మన పెట్టెకు గట్టి తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకున్నట్టు. వెరిఫై-ఫుల్ పెట్టినప్పుడే, సర్టిఫికెట్ నమ్మదగ్గ చోటి నుంచి వచ్చిందా, దానిమీద పేరు మనం అడిగిన సర్వరు పేరేనా అన్న రెండూ చూస్తుంది. 2023లో వచ్చిన 16వ వెర్షన్‌లో, రూట్ సర్టిఫికెట్ చోట సిస్టమ్ అని రాస్తే కంప్యూటరుకు ముందే ఉన్న నమ్మకాల జాబితానే వాడుకునేలా చేశారు. అప్పుడు బలహీన మోడ్‌లను అసలు ఒప్పుకోదు. నా దృష్టిలో గత పదేళ్లలో పోస్ట్‌గ్రెస్ భద్రతకు జరిగిన మంచి పనుల్లో ఇదొకటి.

ఈ నమ్మకాల జాబితా కూడా మనుషులు రాసిందే. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సర్టిఫికెట్ సంస్థలోకి చొరబడి, గూగుల్‌తో సహా ఎన్నో పేర్ల మీద 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు తీసుకున్నారు. ఆ సంస్థ అదే ఏడాది దివాలా తీసింది. సొంత డేటాబేసుల కోసం సొంత సర్టిఫికెట్ వ్యవస్థ నడుపుకుంటూ, బయటి సంస్థలను ఆ దారిలోకి రానివ్వని కంపెనీల పద్ధతి ఇందుకే నాకు నచ్చుతుంది. శ్రమే, కానీ తగిన శ్రమ.

పాస్‌వర్డు సంగతి కూడా చెప్పాలి. 2017లో పోస్ట్‌గ్రెస్ 10తో వచ్చిన స్క్రామ్ పద్ధతిలో పాస్‌వర్డు తీగ మీద అసలు ప్రయాణించదు. అది తెలుసన్న రుజువు మాత్రమే వెళుతుంది. 2021లో 14వ వెర్షన్ నుంచి అదే మామూలు పద్ధతి అయింది. పాత ఎండీ5 సెట్టింగులను వెర్షన్ మార్చినప్పుడల్లా మోసుకొస్తున్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

సర్వరే దొంగయితే

క్లయింటు నుంచి సర్వరుకు ముప్పు ఉంటుందని అందరికీ తెలుసు. మైఎస్‌క్యూఎల్‌లో ముప్పు ఎదురు దిశలో కూడా రాగలదు. లోడ్ డేటా లోకల్ అనే ఆదేశంతో మన కంప్యూటరులోని ఫైలును సర్వరుకు పంపవచ్చు. ఏ ఫైలు పంపాలో చెప్పేది మాత్రం సర్వరు. మనం ఏ ప్రశ్న అడిగినా, దొంగ సర్వరు ‘ముందు ఫలానా ఫైలు ఇటివ్వు’ అని జవాబు పంపగలదు. ఆ వీలు తెరిచి ఉంటే క్లయింటు ఇచ్చేస్తుంది. ఈ సంగతి మైఎస్‌క్యూఎల్ సొంత పుస్తకాల్లోనే రాసి ఉంది. 8.0 వెర్షన్ నుంచి ఈ వీలును మూసి ఇస్తున్నారు. అవతల ఎవరో తేల్చుకోకుండా కనెక్ట్ కాకూడదనడానికి ఇది రెండో కారణం.

22 ఎలా వచ్చింది?

1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు ఏరుకునే ప్రోగ్రాము పెట్టారు. అక్కడే పనిచేస్తున్న తాతు యులోనెన్ దానికి జవాబుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎన్‌క్రిప్షన్ లేని ఎఫ్‌టీపీది 21, టెల్నెట్‌ది 23. ఆ రెంటికీ బదులుగా రావాల్సిన దానికి మధ్యలో ఖాళీగా ఉన్న 22 కావాలని పోర్టులు కేటాయించే ఐయానాకు మెయిల్ రాస్తే ఇచ్చేశారు.

డేటాబేసును ఇంటర్నెట్ నుంచి పూర్తిగా దాచి, ఒక ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ గుండానో, వీపీఎన్ గుండానో మాత్రమే చేరే పద్ధతి ఈనాటికీ చిన్న జట్లకు అత్యుత్తమం. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ 2020 మార్చిలో లినక్స్ 5.6లో చేరింది. సుమారు 4 వేల వరుసల కోడు, ఒక మనిషి కూర్చుని చదవగలిగినంత. భద్రతా సాఫ్ట్‌వేర్‌లో చిన్నదిగా ఉండటం ఒక సుగుణం.

డేటాబేసు మనిషి పట్టుకున్న దొంగ

2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులో పోస్ట్‌గ్రెస్ వేగం కొలుస్తున్నాడు. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం, పోస్ట్‌గ్రెస్ రచయితల్లో ఒకడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లు ఉన్నట్టుండి అర సెకను ఎక్కువ తీసుకుంటున్నాయి. అర సెకనే కదా అని ఊరుకోలేదు. తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జడ్ అనే ఫైళ్లు కుదించే లైబ్రరీలో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, దొంగదారి బయటపడింది. జియా టాన్ అన్న పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో నమ్మకంగా పనిచేసి, చివరికి దాన్ని చొప్పించారు. పట్టుకోకపోయి ఉంటే ప్రపంచంలో లెక్కలేనన్ని లినక్స్ సర్వర్ల ఎస్‌ఎస్‌హెచ్ ఒకే రహస్య తాళంచెవికి తెరుచుకునేది. మార్చి 29న అతను అందరికీ రాసి చెప్పాడు. కొలిచే అలవాటు ఎంత గొప్పదో చెప్పడానికి నాకు ఇంతకు మించిన ఉదాహరణ తెలియదు.

కోడులో మర్చిపోయిన తాళంచెవులు

2016లో ఊబర్ నుంచి 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. ఇంజనీర్లు గిట్‌హబ్‌లో ఉంచిన కోడులో క్లౌడ్ తాళంచెవి దొరకడంతో దారి తెరుచుకుంది. 2022లో టయోటా చెప్పింది: టీ-కనెక్ట్ సేవ కోడులో కొంత భాగం, సర్వరు తాళంచెవితో సహా, 2017 డిసెంబరు నుంచి గిట్‌హబ్‌లో అందరికీ కనిపిస్తూనే ఉంది. దాదాపు ఐదేళ్లు. 2023 మార్చిలో లాటిట్యూడ్ ఫైనాన్షియల్ సంస్థ నుంచి, ఒక ఉద్యోగి లాగిన్ వివరాలు దొంగిలించి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 79 లక్షల డ్రైవింగ్ లైసెన్సు నంబర్లు ఎత్తుకుపోయారు. అందులో పది లక్షలకు పైగా న్యూజిలాండ్‌వి. కొన్ని వివరాలు 2005 నాటివి. ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా, సరైన తాళంచెవితో వచ్చినవాడిని అది ఆపదు. అలాంటివాడు వచ్చినప్పుడు ఎంత తక్కువ దొరికితే అంత మేలు కనుక, అక్కర తీరిన పాత సమాచారాన్ని తీసేయడం కూడా భద్రతలో భాగమే.

ఆరు గంటలు, 72 గంటలు

మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. సర్వర్ల గడియారాలను ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల టైముతో కలపాలి. గ్రేస్‌ఫీల్డ్ ల్యాబు అక్కడ చేసే పనే ఢిల్లీలో ఈ ప్రయోగశాలది.

న్యూజిలాండ్‌లో ప్రైవసీ చట్టం 2020, ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. తీవ్ర హాని కలిగించే ఉల్లంఘనను ప్రైవసీ కమిషనరుకూ, బాధితులకూ చెప్పి తీరాలి. 72 గంటల్లో చెప్పాలని కమిషనరు ఆశిస్తారు. చెప్పకపోతే జరిమానా 10 వేల న్యూజిలాండ్ డాలర్ల దాకా. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అక్కడి రోగుల డేటాబేసును ఇక్కడి నుంచి చూసుకునే జట్టుకు ఈ రెండు గడువులూ గోడ మీద కనిపించేలా ఉండాలి. అర్ధరాత్రి అలారం మోగినప్పుడు చట్టం వెతుక్కునే తీరిక ఉండదు.

మీ కనెక్షన్ ఎలా ఉందో చూసుకోవాలంటే

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_ఎస్‌ఎస్‌ఎల్ అనే వ్యూను అడిగితే, ఈ క్షణాన కనెక్ట్ అయి ఉన్నవాళ్లలో ఎవరి లైను ఎన్‌క్రిప్ట్ అయిందో, ఏ టీఎల్‌ఎస్ వెర్షన్‌లో ఉందో వరుసగా చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఎస్‌ఎస్‌ఎల్_సైఫర్ అనే స్టేటస్ చూడాలి. ఖాళీగా వస్తే ఆ కనెక్షన్ ఎన్‌క్రిప్షన్ లేకుండానే నడుస్తోందని అర్థం. టీఎల్‌ఎస్ 1.0, 1.1 కనిపిస్తే, 2021 మార్చిలోనే వాటిని వాడకూడదని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ తేల్చేసింది. అప్లికేషన్ ఏ ఖాతాతో లోపలికి వస్తోందో కూడా అప్పుడే చూడండి. పోస్ట్‌గ్రెస్ సూపర్‌యూజర్ అయితే, కాపీ ప్రోగ్రామ్ ఆదేశంతో సర్వరు మీద ఏ ప్రోగ్రామునైనా నడపగలదు. 2020లో బయటపడిన పీజీమైనర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ ఆ దారిలోనే దూరి, ఇతరుల సర్వర్ల మీద క్రిప్టో నాణేలు తవ్వుకుంది.

అయితే ఈ పట్టికలన్నీ సర్వరు వైపు నుంచి చూసేవి. క్లయింటు అవతలివాడి సర్టిఫికెట్‌ను సరిచూసిందా లేదా అన్నది సర్వరుకు తెలియదు. అది కనెక్షన్ రాసుకున్న ఫైలులోనే ఉంటుంది. ఆ ఫైలు తెరిచి, ఎస్‌ఎస్‌ఎల్‌మోడ్ ఎదురుగా ఏం రాసి ఉందో ఇవాళే చూడండి.